సిస్టం ఉన్నట్టుండి హ్యాంగ్ అయితుందా? ఎస్‌ఎంపీఎస్ మార్చే ముందు ఇవి చూడుండ్రి

డెస్క్‌టాప్ ఊకె హ్యాంగ్ అయితుందని రిపేరుకు తీస్కపోతే మన దిక్కు రెండే మందులు నడుస్తయి, ఒకటి ఫార్మాట్ గొట్టి విండోస్ మళ్ల ఎక్కించుడు, అది పట్టకపోతే ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును సిస్టంకు పనికొచ్చే చిన్న వోల్టులకు మార్చే పవర్ సప్లై డబ్బా) మార్చుడు. రెండూ ఒక్కోసారి పనిచేస్తయి, అందుకే ఆ అలవాటు పోతలేదు. కానీ ఫార్మాట్ కొట్టిన వారానికి మళ్ల అదే కథ మొదలైతే డాటా పాయె, పైసలు పాయె, రోగమేందో మాత్రం తెల్వకపాయె. మీసేవా సెంటర్లోళ్లు, జిరాక్స్ షాపోళ్లు, ఫొటో స్టూడియోలోళ్లు, పిల్లల చదువుకోసమని హైదరాబాద్‌ల సెకండ్‌హ్యాండ్ సిస్టం కొనుక్కొచ్చినోళ్లు చానామంది ఇదే అడుగుతున్నరు కాబట్టి నేను ఎట్ల చూస్తనో ఆ వరుసల రాస్తున్న. నా పద్ధతి ఏందంటే గోడకున్న బోర్డు దగ్గర మొదలుపెట్టి లోపలికి పోవాలె, ఫ్రీగ చూసేటియి ముందు, పైసలు పెట్టేటియి ఆఖరుకు, ఒక్కసారి ఒక్కటే మార్చాలె. ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, విండోస్ మూడూ ఒకటే రోజు మార్చినోళ్లకు బాగైనా గూడ ఏది బాగుచేసిందో తెల్వదు.

ముందుగాల ఏమైతుందో సరిగ్గ చూడాలె

హ్యాంగ్ అయినప్పుడు ఎంబడే పవర్ బటన్ ఒత్తి పట్టుకోకుండ్రి. ఒక్క నిమిషం ఆగి కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కి చూడాలె. లైటు ఆరుతుంది, మళ్ల వెలుగుతుంది అంటే లోపట సిస్టం బతికే ఉంది, ఏదో ఒక సాఫ్ట్‌వేరో, హార్డ్‌డిస్కో, డిస్‌ప్లే డ్రైవరో (స్క్రీన్‌కు బొమ్మ పంపే సాఫ్ట్‌వేర్) ఇరుక్కుంది. అప్పుడు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ రీస్టార్ట్ అయితది, స్క్రీన్ ఒక్కసారి మినుకుమని మళ్ల మామూలుగ వచ్చిందంటే మీ అనుమానం గ్రాఫిక్స్ మీదికి పోవాలె. నమ్ లాక్ లైటు ఉన్నది ఉన్నట్టే ఉంటే అది గట్టి ఫ్రీజ్, ర్యామో, ప్రాసెసరో, మదర్‌బోర్డో, వేడో, కరెంటో చూడాలె.

ఇంకో రకం ఉంటది, మౌస్ బాణం కదులుతది కానీ ఏం నొక్కినా తెరుచుకోదు, సీపీయూ డబ్బా ముందున్న డిస్క్ లైటు ఆరకుండ వెలుగుతనే ఉంటది, ఒకటి రెండు నిమిషాలకు అన్నీ ఒక్కసారే తెరుచుకుంటయి. ఇది దాదాపు ఎప్పుడూ డిస్క్ పంచాయితే, ఎస్‌ఎంపీఎస్ జోలికి పోనవసరం లేదు.

మూడో రకం, హ్యాంగ్ గూడ కాదు, టప్పున బంద్ అయితది, లేకపోతే దానంతట అదే రీస్టార్ట్ అయితది. నన్నడిగితే ఎస్‌ఎంపీఎస్ మీద మొదటి అనుమానం రావాల్సింది ఈ మూడో రకం ఉన్నప్పుడే. ఎందుకంటే ఎస్‌ఎంపీఎస్ మదర్‌బోర్డుకు పవర్ గుడ్ అని ఒక సిగ్నల్ పంపుతనే ఉంటది, లోపటి వోల్టేజ్ గాడి తప్పితే ఆ సిగ్నల్ పడిపోతది, అది పడిపోంగనే బోర్డు రీసెట్ అయితది. అంటే పోతున్న ఎస్‌ఎంపీఎస్ ఎక్కువసార్లు బంద్ చేస్తది, రీస్టార్ట్ చేస్తది, స్క్రీన్ ఉన్నకాడ ఆగిపోవుడు తక్కువ. తక్కువ అంటున్న గానీ అసలు ఉండదు అంటలేను, వోల్టేజ్‌ల అలజడి ఎక్కువైతే ర్యామ్‌ల తప్పు రాతలు పడి ఫ్రీజ్ గూడ అయితది. కానీ లెక్క ప్రకారం ఫ్రీజ్ అయితే ర్యామ్, డిస్క్, వేడి ముందు, ఎస్‌ఎంపీఎస్ తర్వాత.

ఒక చిన్న నోట్‌బుక్ కీబోర్డు పక్కన పెట్టుకొని, ఆగినప్పుడల్లా టైం, అప్పుడు ఏం పని చేస్తున్నరు, కరెంటు పోయి వచ్చిందా, ఫ్యాన్ స్పీడు తగ్గిందా, ప్రింట్ ఇచ్చిన్రా అని ఒక్క లైను రాసి పెట్టుండ్రి. బోర్ కొడతది, తెలుసు. కానీ పది లైన్లు పడేసరికి సగం జవాబు అండ్లనే కనపడతది.

గోడ దగ్గర

మన నల్లగొండ, పాలమూరు పల్లెలల్ల, చిన్న టౌన్లల్ల ఇది వదిలేసి డబ్బా విప్పుడు అంటే టైం పాడుచేసుకునుడే. ఇంటి కరెంటు 230 వోల్టులు ఉండాలె, అటు ఇటు 6 శాతం తేడా ఒప్పుకుంటరు, అంటే 216 నుంచి 244 దాకా. ఒక మల్టీమీటర్ కొనుక్కోండి, మామూలుది చాలు, ఏసీ 750 మీద పెట్టి ప్లగ్గుల చూడాలె. పొద్దున ఒకసారి, సాయంత్రం లైట్లు వేసేటప్పుడు ఒకసారి, మోటర్లు నడిచేటప్పుడు ఒకసారి. ఇదివరకు వ్యవసాయం కరెంటుకు ఒక టైం ఉండేది, ఆ టైంల బల్బు మసకబడితే ఎందుకో అందరికి ఎరుకనే. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు అన్నంక ఎవరి మోటర్ ఎప్పుడు లేస్తదో లెక్కలేదు. బోరు మోటర్ లేసేటప్పుడు నడిచేదానికంటే 5, 6 రెట్లు కరెంటు గుంజుతది, అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద మీ ఇల్లు ఉంటే ఆ రెండు మూడు సెకండ్లు మీటర్‌ల అంకె ఎట్ల దిగుతదో మీరే చూడొచ్చు. కరెంటు పోయి వచ్చినప్పుడైతే ఆటో స్టార్టర్లు ఉన్న మోటర్లన్నీ ఒక్కసారే లేస్తయి, అప్పుడు ఇంకా కిందికి పోతది.

మరి వోల్టేజ్ దిగితే సిస్టం ఎందుకు ఆగుతది? ఎస్‌ఎంపీఎస్ లోపట ఒక పెద్ద కెపాసిటర్ ఉంటది, మేకపిల్ల మెడకు కట్టే గంట సైజు డబ్బాలెక్క. బయట కరెంటు ఒక్క క్షణం లేకున్నా అండ్ల దాచుకున్నదానితోని సిస్టం నడుస్తది. కొత్త మంచి ఎస్‌ఎంపీఎస్ 16 మిల్లీసెకండ్ల (సెకండ్‌ల వెయ్యో వంతు ఒక మిల్లీసెకండ్) దాకా సిస్టంను ఆగకుండ నడపాలె అని లెక్క. ఇంటి ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటది గదా, యూపీఎస్ మోడ్‌ల పెడితే 10 మిల్లీసెకండ్ల అటు ఇటుల అందుకుంటది, సిస్టంకు తెల్వనే తెల్వదు. నార్మల్ మోడ్‌ల ఇంకా లేటు, ఫ్యాన్లకు ఫరక్ పడదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అయితది. కాబట్టి కరెంటు పోయినప్పుడల్లా రీస్టార్ట్ అయితుందంటే ముందు ఆ స్విచ్ చూడాలె, ఇల్లు ఊడ్చేటప్పుడో, బ్యాటరీల నీళ్లు పోసేటప్పుడో ఎవరిదో చెయ్యి తాకి మారిపోయి ఉంటది.

ఇండ్లనే ఎస్‌ఎంపీఎస్ ముసలిదయిందా అని తెలుసుకునే ఒక ఉపాయం గూడ ఉంది, మీటర్ గూడ అక్కర్లేదు. అదే ఇన్వర్టర్, అదే యూపీఎస్ మోడ్, అదే సిస్టం, నిరుడు కరెంటు పోతే ఏం కాలేదు, ఈ ఏడు పోయినప్పుడల్లా రీస్టార్ట్ అయితుంది అంటే ఆ పెద్ద కెపాసిటర్ ఎండిపోతున్నట్టే, 16 మిల్లీసెకండ్లు నడిపేది ఇప్పుడు ఆ 10 గూడ నడపతలేదన్నట్టు. ఈ కెపాసిటర్లకు వేడి పడదు, 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సగానికి సగం తగ్గుతది అని ఒక లెక్క. మనకు మే నెలల బయటనే 44, 45 ఉంటది, దానికి తోడు సీపీయూ డబ్బాను ఆ కంప్యూటర్ టేబుల్ కింది చెక్క గూట్ల పెట్టి తలుపు బిగిస్తరు, ఇగ ఎన్ని రోజులు బతుకుతది. ఇంకోటి, పాతకాలం సస్తా ఎస్‌ఎంపీఎస్‌లల్ల 230కి బదులు 170 వస్తే ఆ కెపాసిటర్‌ల నిండేదే దాదాపు సగం, అందుకే లో వోల్టేజ్ ఉన్నప్పుడు చిన్న కుదుపుకు గూడ బంద్ అయితది. ఇసొంటి ఇండ్లల్ల కొత్త ఎస్‌ఎంపీఎస్ కంటే ముందు స్టెబిలైజరో, ఏవీఆర్ (వోల్టేజ్‌ను దానంతట అదే సరిచేసేది) ఉన్న యూపీఎస్సో అవసరం.

యూపీఎస్ ఉన్నోళ్లు దాని బ్యాటరీ గూడ చూసుకోవాలె. మామూలు 600 వీఏ యూపీఎస్‌ల 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటి ఉంటది, రెండు మూడేండ్లకు చచ్చిపోతది, కరెంటు పోంగనే యూపీఎస్ కుయ్యిమని ఒక్క అరుపు అరిచి అది గూడ బంద్. జనాలు ఎస్‌ఎంపీఎస్‌ను తిడతరు. సిస్టం ప్లగ్గు యూపీఎస్ నుంచి తీసి సీదా గోడకు పెట్టి రెండు రోజులు నడిపితే తేలిపోతది.

జిరాక్స్ షాపులల్ల ఇంకో తీరు ఉంది. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద సీపీయూ, మానిటర్, లేజర్ ప్రింటర్, లామినేషన్ మిషన్, కింద టేబుల్ ఫ్యాను. లేజర్ ప్రింటర్‌ల ఫ్యూజర్ అని వేడెక్కే రోలర్ ఉంటది, ప్రింట్ ఇయ్యంగనే అది గుంజుడు గుంజుతది, ట్యూబులైటు గూడ మినుకుతది. మీ నోట్‌బుక్‌ల ప్రింట్ ఇచ్చినప్పుడే ఆగింది అని రెండు మూడుసార్లు పడితే ప్రింటర్‌ను వేరే ప్లగ్గుకు మార్చుండ్రి, యూపీఎస్ మీద అయితే అసలే పెట్టొద్దు. ఆ ఎక్స్‌టెన్షన్ బోర్డుల ప్లగ్గు లూజుగ కదులుతుందా, పట్టుకుంటే వేడి ఉందా, ప్లాస్టిక్ పచ్చబడ్డదా గూడ చూడాలె.

ఎర్తింగ్ సంగతి చెప్పకపోతే ఇది పూర్తికాదు. డబ్బా వెనక ఇనుము ముట్టుకుంటే జుమ్ముమని పట్టినట్టు అయితుందా? మన దిక్కు ఇండ్లల్ల మూడో పిన్నుకు వైరే ఉండదు, ఉన్నా ఎర్త్ గుంత ఎండాకాలం ఎండిపోయి పేరుకే ఉంటది. ఎస్‌ఎంపీఎస్ లోపట ఫిల్టర్ కెపాసిటర్లు కొంచెం కరెంటును డబ్బా మీదికి పంపుతయి, ఎర్త్ ఉంటే అది భూమిలకు పోతది, లేకపోతే మీ చేతిలకు వస్తది. మీటర్‌తోని ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య చూస్తే ఫేజ్, న్యూట్రల్ మధ్య వచ్చినంత రావాలె, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టులు మించొద్దు. పెన్‌డ్రైవ్ పెట్టంగనే ఆగుడు, హెడ్‌ఫోన్స్‌ల గుయ్యిమని సప్పుడు, ఇసొంటియి ఉంటే ముందు ఎర్తింగ్ చేయించుండ్రి, గుంతల ఉప్పు, బొగ్గు ఉంటే ఎండాకాలం ఒక బిందెడు నీళ్లు పోస్తుండాలె. గోడ ప్లగ్గుల మీటర్ పెట్టుడు భయం అనిపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలువుండ్రి, అండ్ల సిగ్గు లేదు.

డబ్బా విప్పినంక

ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టి, తర్వాత విప్పాలె. మిర్యాలగూడల రైస్‌మిల్లులకు దగ్గర ఉన్న ఒక స్టూడియో అన్నది ఇట్లనే ఉండె. "తమ్మీ, పెండ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే సగానికి వచ్చి ఆగుతుంది, ఎస్‌ఎంపీఎస్ పోయిందంటున్నరు, పట్కరమ్మంటవా" అని ఫోన్ జేసిండు. "ఆగన్నా, కొనకు, ముందు సైడు డోర్ తియ్యి, ప్రాసెసర్ మీద ఫ్యాన్ కింద ఏం కనపడుతుందో ఫొటో పంపు" అన్న. ఫొటోల ఫ్యాన్ రెక్కలు కనపడుతున్నయి గానీ దాని కింద ఉండాల్సిన అల్యూమినియం పలకలే లేవు, వాటి మీద బూడిదరంగు తవుడు, ఊక ధూళి కలిసి గొంగడి లెక్క అల్లుకొని ఉంది, వేలుతోని లేపితే ఒక్క ముక్కగ లేచింది. గాలి ఎక్కడికెళ్లి పోతది? హెచ్‌డబ్ల్యూఇన్ఫో (లోపటి వేడి చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టి చూస్తే ఎక్స్‌పోర్ట్ మొదలైన కాసేపటికే ప్రాసెసర్ 100 డిగ్రీలు కొడుతుండె. బ్లోయర్ కొట్టి, పాత థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని పైనున్న పలకలకు అందించే లేపనం) ఎండి సుద్దలెక్క అయింది కాబట్టి అది తుడిచి కొత్తది పెడితే అదే ఎస్‌ఎంపీఎస్ మీద అదే వీడియో పూర్తయింది.

ఇంటెల్ ప్రాసెసర్లు మామూలుగ 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ రైజెన్‌లు 95 దగ్గర తమంతట తామే స్పీడు తగ్గించుకుంటయి, దాటి పోతే బంద్ అయితయి. ఎండాకాలం మధ్యాహ్నమే ఆగుతుంది, పొద్దున ఆగదు అని నోట్‌బుక్ చెప్తుందంటే వేడి ముందు చూడాలె. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలుతోని ఆపి పట్టుకోవాలె, లేకపోతే అది రివ్వున తిరిగి బేరింగ్ పోతది.

అదే చేతితోని వైర్లు చూడాలె. 24 పిన్నుల పెద్ద కనెక్టర్, ప్రాసెసర్ దగ్గరుండే 4 లేక 8 పిన్నులది, గ్రాఫిక్ కార్డుకు పోయేది, మూడూ ఊడబెరికి లోపట చూడుండ్రి. ఏదన్నా ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా, కరిగినా, పిన్ను లోపలికి నెట్టుకపోయినా అక్కడ లూజ్ కాంటాక్ట్ ఉండి కాలుతున్నట్టు. ఇది చాలాసార్లు కనపడదు, పసుపు వైర్లు ఉన్న పిన్నులు లైటు వేసి దగ్గరగ చూడాలె. మదర్‌బోర్డు మీద గుండ్రటి కెపాసిటర్ల తలలు సాఫుగ ఉండాలె, ఉబ్బి గుంబజ్ లెక్క లేచినా, పైన గీతల దగ్గర ఎర్రటి పొక్కు కట్టినా అది పోయినట్టే. పాత సిస్టంలల్ల ఎక్కువ, ఇప్పటి బోర్డులల్ల గట్టి రకం కెపాసిటర్లు వస్తున్నయి కాబట్టి తక్కువ. బల్లులు గూడ చూడుండ్రి, నేను నవ్వులాటకు చెప్తలేను, ఎస్‌ఎంపీఎస్ జాలీల దూరి చచ్చిన బల్లి షార్ట్ చేసుడు మన ఊర్లల్ల కొత్తకాదు.

ఒక్కమాట పైలం. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పొద్దు. జాలీలకెళ్లి టార్చ్ కొట్టి చూడొచ్చు, వాసన చూడొచ్చు, అంతే. లోపటి కెపాసిటర్‌ల 300 వోల్టుల మీదనే ఉంటది, ప్లగ్గు పీకినంక గూడ కొంతసేపు ఉంటది. యూట్యూబ్‌ల ఎవరో కెపాసిటర్ మార్చి చూపిస్తే చూపియ్యనియ్యి.

ర్యామ్ తీసి ఆ బంగారు గీతల మీద పిల్లల రబ్బరుతోని మెల్లగ రుద్ది, పొడి దులిపి, మళ్ల టక్కుమనేదాక నొక్కి పెట్టాలె. ఇది పాత ముచ్చటే గానీ ఇప్పటికీ పనిచేస్తది. సాటా కేబుళ్లు (డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపేటియి) గూడ తీసి మళ్ల పెట్టాలె.

విండోస్ ఏం రాసిపెట్టింది

స్టార్ట్ మెనూల రిలయబిలిటీ అని టైప్ చేస్తే రిలయబిలిటీ హిస్టరీ వస్తది, రోజువారీగ ఎర్ర గుర్తులు కనపడతయి. ఇంకా లోతుకు పోవాలంటే ఈవెంట్ వ్యూయర్, అండ్ల విండోస్ లాగ్స్, దాని కింద సిస్టం. ఇక్కడ కర్నల్ పవర్ 41 అని ఎర్రగ కనపడంగనే ఇగో పవర్ అని రాసుంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్సే అని తీర్పు ఇస్తరు. అది తప్పు. ఆ 41కి అర్థం విండోస్ సరిగ్గ షట్‌డౌన్ కాకుండనే ఆగిపోయింది అని మాత్రమే. హ్యాంగ్ అయితే మీరే బటన్ ఒత్తి పట్టి బంద్ చేసినా అదే పడతది, కరెంటు పోయినా అదే పడతది. దాని వివరాలల్ల బగ్‌చెక్ కోడ్ దగ్గర సున్నా కాకుండ ఏదన్నా అంకె ఉంటే అది బ్లూ స్క్రీన్, అంటే డ్రైవరో, ర్యామో.

41 కంటే దానికి కొంచెం ముందు ఏమున్నయో చూడుడు ముఖ్యం. వీయా లాగర్ (WHEA-Logger) అని, 18 నంబర్‌తోని ఉంటే హార్డ్‌వేర్ తప్పు, ప్రాసెసర్ దిక్కు చూడాలె, ఓవర్‌క్లాక్ (ప్రాసెసర్‌ను దాని మామూలు స్పీడు కంటే ఎక్కువ ఉరికించుడు) ఉంటే తీసెయ్యాలె. డిస్క్ పేరు మీద 7, 51, 153 గానీ, స్టోర్ ఏహెచ్‌సీఐ పేరు మీద 129 గానీ వరుసగ ఉంటే డిస్కో, దాని కేబులో. డిస్‌ప్లే 4101 ఉంటే గ్రాఫిక్ డ్రైవర్ ఆగి మళ్ల లేచినట్టు. ఏమీ లేకుండ సాఫుగ ఉండి ఉన్నట్టుండి 41 ఒక్కటే ఉంటే అప్పుడు కరెంటు, ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం కొంచెం పెరుగుతది, కొంచెమే.

డిస్క్, ర్యామ్ తేల్చుడు

డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీగ దొరుకుతది. హార్డ్‌డిస్క్‌కు 05, సీ5, సీ6 అనే వరుసలల్ల (చెడిపోయిన జాగల లెక్క) రా వ్యాల్యూస్ గడిల సున్నా ఉండాలె, సీ5ల అంకె ఉండి పెరుగుతుందంటే ఇయ్యాలనే డాటా బయటికి తీసుకోండి, మిగతా కథ రేపు. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ కాదు, సాటా కేబుల్ మార్చాలె, అది సస్తాల అయిపోయే రిపేరు. ఎస్‌ఎస్‌డీ అయితే నిండుగ నింపి పెట్టినా నిమిషాలకు నిమిషాలు ఆగుతది, ఒక 15, 20 శాతం ఖాళీ ఉంచుండ్రి.

ర్యామ్‌కు మెమ్‌టెస్ట్86 అనే పరీక్ష సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌ల ఎక్కించి రాత్రి పడుకునేటప్పుడు పెట్టి వదిలెయ్యాలె. పొద్దున్న లేచి చూస్తే ఒక్క ఎర్ర లైను ఉన్నా ర్యామ్ పోయినట్టే, ఒక్కటే గదా అని వదిలేసుడు లేదు. అంతకుముందు బయోస్‌ల (విండోస్ కంటే ముందు తెరిచే సెట్టింగ్స్) ఎక్స్‌ఎంపీ (ర్యామ్ స్పీడు పెంచే సెట్టింగ్) ఆన్ ఉంటే బంద్ చేసి నాలుగు రోజులు నడపాలె, కొన్నిసార్లు అంతటితోనే పోతది. రెండు ర్యామ్‌లుంటే ఒకటొకటి పెట్టి చూడాలె.

సాఫ్ట్‌వేరా, హార్డ్‌వేరా అని ఫార్మాట్ కొట్టకుండనే తేల్చే తోవ ఇంకోటి ఉంది. ఉబుంటు (విండోస్ లెక్కనే ఇంకో ఫ్రీ ఆపరేటింగ్ సిస్టం) పెన్‌డ్రైవ్ చేసి, మీ డిస్క్ కేబుల్ పీకేసి, పెన్‌డ్రైవ్ మీదనే బూట్ చేసి ఒక పూట వాడుండ్రి, యూట్యూబ్ పెట్టి వదిలినా సరే. అండ్ల గూడ ఆగిందంటే విండోస్ తప్పు లేదు, డిస్క్ తప్పు లేదు, ఫార్మాట్ పైసలు మిగిలినట్టే. ఆగకపోతే అనుమానం ఆ రెండింటి మీదికి పోతది.

ఏం పని చెయ్యకుండ ఉత్తగ ఉన్నప్పుడే ఆగుతుంది, గేమ్ ఆడుతుంటే మంచిగనే ఉంటది అనేటోళ్లు గూడ ఉంటరు. రైజెన్, అందులో మొదటి తరాలవి, పాత ఎస్‌ఎంపీఎస్‌తోని ఇట్ల చేస్తయి, ప్రాసెసర్ నిద్రపోయినప్పుడు మరీ తక్కువ కరెంటు గుంజుతది, అది ఎస్‌ఎంపీఎస్‌కు సరిపడదు. బయోస్‌ల పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అని ఉంటది, టిపికల్ కరెంట్ ఐడిల్ అని పెట్టుండ్రి. ఇంటెల్‌ల 2013ల వచ్చిన హాస్‌వెల్ తరానికి గూడ ఇదే తకరారు, అక్కడ బయోస్‌ల సీ6, సీ7 స్టేట్లు (ప్రాసెసర్ గాఢ నిద్ర సెట్టింగ్‌లు) బంద్ చెయ్యాలె.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్

ఇంతదాక వచ్చినా తేలకపోతే ఎస్‌ఎంపీఎస్ పట్టాలె. ముందు దాని మీద స్టిక్కర్ చదువుండ్రి. డబ్బా మీద పెద్దగ 450 వాట్స్ అని ఉంటది, అది పక్కన పెట్టి +12 వోల్ట్ గడిల ఎన్ని ఆంపియర్లు ఉన్నయో చూడాలె. 14 ఆంపియర్లు అని ఉంటే 12 ఇంటు 14, 168 వాట్లు. ఇప్పటి సిస్టంలల్ల ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డ్ రెండూ 12 వోల్టుల మీదనే బతుకుతయి. ఐ5 12400 జోరు మీద 117 వాట్ల దాక పోతది, జీటీఎక్స్ 1650 కార్డు 75 వాట్లు, రెండూ కలిపితేనే 192, ఇంకా డిస్కులు, ఫ్యాన్లు ఉండనే ఉన్నయి. అంటే ఈ ఎస్‌ఎంపీఎస్ ఖరాబు కాలేదు, మొదటినుంచే సరిపోదు. క్యాబినెట్‌తోని ఫ్రీగ వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద గ్రాఫిక్ కార్డ్ ఎక్కించిన సిస్టంలు ఎక్కువగ ఇండ్లనే చిక్కుకుంటయి.

తర్వాత మీటర్. డీసీ 20 మీద పెట్టి, సిస్టం నడుస్తుండంగనే ఖాళీగ వేలాడే నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్‌ల నల్లదాంట్ల నల్ల పిన్ను, పసుపుదాంట్ల ఎర్ర పిన్ను పెట్టాలె. 11.4 నుంచి 12.6 మధ్య రావాలె. ఎర్ర వైరుకు 4.75 నుంచి 5.25. 24 పిన్నుల కనెక్టర్‌ల ఉండే నారింజ వైరు 3.3 వోల్టులది, 3.14 నుంచి 3.47. మీటర్ పిన్నులు రెండూ ఒకదానికొకటి తాకనియ్యకుండ్రి. సస్తా మీటర్ బ్యాటరీ దిగితే అంకెలు ఎక్కువ చూపిస్తది, ఒక కొత్త పెన్సిల్ సెల్ మీద చూసి 1.5, 1.6 దగ్గర వస్తుందో లేదో తేల్చుకోండి. సాఫ్ట్‌వేర్‌ల కనపడే వోల్టేజ్‌ను నమ్మొద్దు, 12కు బదులు 8 అని చూపిస్తదొకటి, 8 ఉంటే సిస్టం అసలు లేవనే లేవదు.

ఖాళీగ ఉన్నప్పుడు మంచిగ వస్తే సంబురపడకుండ్రి. ఓసీసీటీ అనే సాఫ్ట్‌వేర్‌ల ప్రాసెసర్ టెస్ట్ ఒక్కటి, తర్వాత గ్రాఫిక్ టెస్ట్ ఒక్కటి, చివరికి రెండూ కలిపిన పవర్ టెస్ట్ పెట్టాలె, మీటర్ అక్కడనే పట్టుకొని అంకె చూస్తుండాలె. విడివిడిగ రెండూ తట్టుకుంది, కలిపినప్పుడు మాత్రం టప్పున బంద్ అయింది, వేడి గూడ ఎక్కువలేదు అంటే ఇగ ఎస్‌ఎంపీఎస్సే. 12 వోల్టులు లోడ్ మీద 11.4 కిందికి జారినా అంతే. ప్రాసెసర్ టెస్ట్ ఒక్కదానికే ఫ్రీజ్ అయితే ముందు వేడి, ర్యామ్ మళ్ల చూడాలె. ఈ టెస్ట్ పెట్టి చాయ్ తాగనీకి బయటికి పోకుండ్రి, సస్తా ఎస్‌ఎంపీఎస్ అయితే పక్కనే ఉండాలె, కాలిన వాసన రాంగనే గోడ స్విచ్ బంద్ చెయ్యాలె.

మీటర్‌కు కనపడని రోగం ఒకటుంది. డీసీ మీద సన్నటి అల ఉంటది, రిపుల్ అంటరు, 12 మీద 120 మిల్లీవోల్టులు, 5 మీద, 3.3 మీద 50 మిల్లీవోల్టులు దాటొద్దు. మీటర్ సగటు చూపిస్తది కాబట్టి 12.05 అని చక్కగ కనపడతది, లోపట అల మాత్రం ఎగిరెగిరి పడుతుంటది. ఆసిలోస్కోప్ ఉంటేనే పట్టుకోవచ్చు, మన దగ్గర ఎవరికి ఉంటది? ఆకుపచ్చ వైరు, నల్ల వైరు కలిపి పిన్నీసు పెట్టి ఫ్యాన్ తిరుగుతుంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ మంచిదే అనుడు గూడ అందుకే పనికిరాదు, అది లేస్తుందని చెప్తది గానీ బరువు మోస్తుందని చెప్పదు.

కాబట్టి ఆఖరు పరీక్ష మార్చి చూసుడే. దోస్తు దగ్గరో, షాపుల తెలిసినోళ్ల దగ్గరో మంచిగ నడుస్తున్న ఎస్‌ఎంపీఎస్ అడుక్కొచ్చి పెట్టాలె, అది మీ సిస్టంకు సరిపోయే వాట్స్‌ది ఉండాలె. ఎన్ని రోజులు నడపాల్నో నోట్‌బుక్ చెప్తది, మూడు రోజులకోసారి ఆగే సిస్టం ఒక్క పూట ఆగకపోతే బాగైనట్టు కాదు, కనీసం పది రోజులు చూడాలె. అది పెట్టినంక గూడ ఆగితే వాపస్ ఇచ్చి దండం పెట్టి, మదర్‌బోర్డ్ మీద పడాలె.

కొనేటప్పుడు

మన లోకల్‌ల దొరకకపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది, పోయే ముందు ఫోన్‌ల ఒక ఫొటో తీసుకొని పోండి, పాత ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్‌ది, దాని కనెక్టర్లది. సెకండ్‌హ్యాండ్ ఆఫీస్ సిస్టంలు కొన్నోళ్లకు ఇది మరీ ముఖ్యం, డెల్, హెచ్‌పీ ఆఫీస్ మోడళ్లు కొన్నిట్ల 24 పిన్నుల కనెక్టరే ఉండదు, 6 లేక 8 పిన్నులది వేరేది ఉంటది, డబ్బా సైజు గూడ వేరే, మామూలు ఎస్‌ఎంపీఎస్ అండ్ల పట్టదు. 80 ప్లస్ గుర్తు (కరెంటు తక్కువ వేస్ట్ చేస్తదని చెప్పేది) ఉన్నది, 12 వోల్టుల ఆంపియర్లు సరిపోను ఉన్నది, వారంటీ 3 ఏండ్ల నుంచి 10 ఏండ్ల దాక ఉంటది కాబట్టి ఎక్కువ వారంటీ ఉన్నది చూసి, బిల్లు తప్పకుండ తీసుకోవాలె. "జీఎస్టీ లేకుంటే తక్కువకే ఇస్త అన్నా" అంటరు, బిల్లు లేకపోతే వారంటీకి మళ్ల ఆ షాపు చుట్టూనే తిరగాలె. ఇంట్ల స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే, యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగ గుంజే సర్క్యూట్) ఉన్న కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని దాని మీద మొరాయిస్తయి, కరెంటు పోంగనే బంద్ అయితయి, కాబట్టి షాపోన్ని ముందుగాలనే అడిగి, తిరిగి తీసుకుంటడా అని గూడ మాట తీసుకోండి.

బిగించేటప్పుడు ఒక్కటి. వైర్లు ఊడొచ్చే మాడ్యులర్ రకం కొంటే పాత ఎస్‌ఎంపీఎస్ వైర్లు బాగున్నయి గదా అని కొత్తదానికి పెట్టొద్దు, ఎస్‌ఎంపీఎస్ దిక్కు పిన్నుల వరుస ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, ప్లగ్గు పట్టినట్టే పడతది, ఆన్ చెయ్యంగనే 5 వోల్టులు పోవాల్సిన కాడికి 12 పోయి హార్డ్‌డిస్క్, ఎస్‌ఎస్‌డీ రెండూ కాలిపోతయి. కొత్తదాని సంచిల వచ్చిన వైర్లే వాడి, పాత వైర్లు పాత డబ్బాతోనే కట్టి పెట్టుండ్రి.